పేగులో పంతులుగారు

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మీ వెంట ఎవరెవరుంటారు? ఇంట్లో అమ్మా నాన్నా, దారిలో స్నేహితులు, బడిలో మాస్టార్లు. నిద్రపోయేటప్పుడు మాత్రం ఒక్కరమే అంటారేమో. అది నిజం కాదు. మీరు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మీ పేగులో కాపురం పెట్టిన జీవులు కొన్ని ఉన్నాయి. అవి ఇప్పటికీ ఇల్లు ఖాళీ చెయ్యలేదు. అద్దె ఇవ్వకుండా ఉంటున్నాయనుకోకండి. కొంత అద్దె ఇస్తూనే ఉన్నాయి. అదేమిటో తరవాత చూద్దాం.

ఆ కాపురస్తుల్లో ఒకదాని కథ ఇది. దాని పేరు ఎషరీషియా కోలై. పొడుగాటి పేరు కాబట్టి శాస్త్రజ్ఞులు ఇ. కోలై అని పిలుస్తారు. ఇది ఒక బాక్టీరియా, అంటే ఒకే ఒక్క కణంతో బతికే సూక్ష్మజీవి. ప్రపంచంలో ఉన్న లక్షలాది జీవుల్లో శాస్త్రజ్ఞులకు అన్నిటికన్నా బాగా తెలిసిన జీవి ఏదంటే చాలామంది దీని పేరే చెబుతారు. జన్యువులు ఎలా పనిచేస్తాయో మనకు నేర్పింది చాలావరకు ఇదే. మధుమేహం ఉన్నవాళ్లకు మందు తయారుచేసి పెడుతున్నది కూడా ఇదే.

అయితే, ఇ. కోలైలోనే ఇంకొన్ని రకాలున్నాయి. అవి కలుషితమైన నీటిలోనూ తిండిలోనూ వచ్చి పసిపిల్లల ప్రాణాలు తీస్తున్నాయి. ఒకే జాతి జీవి మనకు పంతులూ శత్రువూ ఎలా అయింది? జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి.

దొంగను పట్టాలంటే ఇంటివాళ్లు తెలియాలి

నూట నలభై ఏళ్ల కిందట యూరప్ పట్టణాల్లో పసిపిల్లలు విరేచనాలు పట్టుకొని చనిపోవడం చాలా మామూలు విషయం. కొన్ని రోగాలకు సూక్ష్మజీవులు కారణమని పాశ్చర్, కాక్ వంటి వాళ్లు అప్పటికే రుజువు చేస్తున్నారు. మరి ఈ విరేచనాలకు కారణమైన సూక్ష్మజీవి ఏది?

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో థియోడోర్ ఎషరిష్ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన ఒక తెలివైన మాట ఆలోచించాడు. ఇంట్లో దొంగ దూరాడు, పట్టుకోవాలి. ముందు ఆ ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లెవరో తెలియకపోతే కొత్తవాడెవడో ఎలా తెలుస్తుంది? అందుకని ఆయన జబ్బు పిల్లలతో మొదలుపెట్టలేదు. తల్లిపాలు తాగుతూ ఆరోగ్యంగా ఉన్న పసికందుల మలాన్ని పరీక్షించాడు. పుట్టిన వెంటనే వచ్చే మలంలో ఆయనకు సూక్ష్మజీవులు కనిపించలేదు. కొద్ది గంటలు గడిచేసరికి కనిపించడం మొదలుపెట్టాయి. అంటే అవి బయటినుంచి వచ్చి చేరుతున్నాయన్న మాట.

అలా చేరినవాటిలో ఒక పొట్టి కడ్డీలాంటి బాక్టీరియా ఉంది. ఏ ఆహారం వేసినా చకచకా పెరిగేది. 1885లో ఎషరిష్ దాన్ని గురించి ప్రకటించాడు. దానికి ఆయన పెట్టిన లాటిన్ పేరుకు 'పెద్దపేగులో మామూలుగా ఉండే బాక్టీరియా' అని అర్థం. ఆయన 1911లో చనిపోయాడు. 1919లో ఆయన పేరు మీదుగా దానికి ఎషరీషియా అని పేరు మార్చారు. కోలై అంటే 'పెద్దపేగుకు చెందినది'.

కడ్డీకి తోకలు

ఇ. కోలై పొడవు సుమారు రెండు మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. అంటే వీటిని తలా తోకా కలిపి వరసగా పేరిస్తే, మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు దూరానికి అయిదు వందలు పడతాయి. ఆకారం మందు గొట్టంలా, అదే క్యాప్సూలులా, ఉంటుంది.

ఇంత చిన్న గొట్టంలో ఏముంది? మన కణాల్లో ఉన్నట్టు కేంద్రకం లేదు. డి.ఎన్.ఏ. అనే పొడుగాటి దారం మాత్రం ఉంది. ఆ దారానికి రెండు కొసలూ కలిసిపోయి మొలతాడులా ఉంటుంది. దాన్ని విప్పి సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. కణం పొడవుకు అది ఏడు వందల రెట్లు పైమాటే! ఆ దారం మీద నాలుగే నాలుగు రకాల రసాయన అక్షరాలతో సుమారు 46 లక్షల అక్షరాల పుస్తకం రాసి ఉంది. అందులో నాలుగు వేల పైచిలుకు జన్యువులున్నాయి. ఒక్కొక్క జన్యువు ఒక ప్రోటీను తయారీకి సూత్రం అనుకోండి. ప్రయోగశాలలో వాడే ఒక ఇ. కోలై రకానికి సంబంధించిన పుస్తకం మొత్తాన్ని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో చదివి అచ్చువేశారు.

చాలా ఇ. కోలై కణాలకు పొడుగాటి తోకలు కొన్ని ఉంటాయి. ఇవి చేప తోకలా అటూ ఇటూ ఊగవు. మరపడవ కింద ఉండే పంకాలా గిరగిరా తిరుగుతాయి. అదీ సెకనుకు నూరు చుట్ల వేగంతో! తోకలన్నీ ఒక వైపు తిరిగితే జడలా కలిసిపోయి కణం సూటిగా ఈదుతుంది. వాటిలో కొన్ని రెండో వైపు తిరిగితే జడ విడిపోయి కణం పల్టీ కొడుతుంది. తరవాత మరో దిక్కుకు బయలుదేరుతుంది. దీనికి కళ్లు లేవు, ముక్కు లేదు. మరి తిండి ఉన్న చోటికి ఎలా వెళుతుంది? 'ఒక్క క్షణం కిందటికన్నా ఇప్పుడు తిండి ఎక్కువగా ఉందా' అని పోల్చుకుంటుంది. ఎక్కువగా ఉంటే పల్టీలు తగ్గించి ముందుకే పోతుంది. తక్కువగా ఉంటే పల్టీ కొట్టి దారి మారుస్తుంది.

ఇప్పుడు అద్దె సంగతి. మన పేగులో ఉండే బాక్టీరియాలో ఇ. కోలై వాటా చాలా తక్కువ. వెయ్యింటికి ఒకటి అటూ ఇటూగా ఉంటుంది. అయినా పసితనంలో పేగులో ముందుగా స్థలం పట్టేవాటిలో ఇది ఒకటి. అక్కడున్న ప్రాణవాయువును వాడుకొని, ప్రాణవాయువు గిట్టని మిగతా మేలుచేసే బాక్టీరియాకు దారి చేస్తుంది. కె-విటమిను కొంత తయారుచేస్తుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిను అది. పైగా, ముందే స్థలం పట్టి కూర్చోవడంవల్ల కొత్తగా వచ్చే రోగక్రిములకు చోటూ తిండీ సులభంగా దొరకనివ్వదు.

ఇరవై నిమిషాల లెక్క

మంచి తిండీ తగిన వెచ్చదనమూ ఉంటే ఇ. కోలై ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. మీరు రాత్రి తొమ్మిది గంటలకు పడుకునేటప్పుడు ఒక్క కణం ఉందనుకోండి. పది గంటలకు ఎనిమిది అవుతాయి. పదకొండు గంటలకు అరవై నాలుగు. తెల్లవారుజామున నాలుగు గంటలకు 20,97,152! ఇదే లెక్కన రెండు రోజులు నడిస్తే వాటి బరువు భూమి బరువును మించిపోతుంది. భయపడకండి, అలా ఎన్నటికీ జరగదు. తిండి అయిపోతుంది, అవి విసర్జించిన ఆమ్లాలు పేరుకుంటాయి, పెరుగుదల ఆగిపోతుంది. మన పేగులో అయితే పోటీ ఎక్కువ కాబట్టి అవి చాలా నెమ్మదిగా చీలుతాయి.

ఈ ఇరవై నిమిషాల లెక్కే శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. వంశపారంపర్యం గురించి తెలుసుకోవాలంటే తరాలు గడవాలి. ఏనుగును పట్టుకుంటే ఒక్క పిల్ల పుట్టడానికే 22 నెలలు. బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసిన మెండెల్‌కు ఒక్కొక్క తరానికి ఒక్కొక్క పంటకాలం పట్టింది. ఇ. కోలైతో అయితే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మూడు తరాలు గడిచిపోతాయి.

రెండో సౌకర్యం సంఖ్య. బాగా పెరిగిన ఇ. కోలై ద్రవం ఒక పరీక్షనాళికలో పది మిల్లీలీటర్లు ఉంటే, అందులో వెయ్యి కోట్ల కణాలుంటాయి. ఈ భూమి మీద ఉన్న మనుషులకన్నా ఎక్కువ! కోటికి ఒక్కసారి జరిగే వింత కూడా ఆ నాళికలో వెయ్యిసార్లు జరుగుతుంది. మూడో సౌకర్యం ఖర్చు. కొద్దిగా చక్కెర, కొన్ని లవణాలు, నీళ్లు ఉంటే చాలు.

వేగంగా పెరగడం, కోట్ల సంఖ్యలో ఉండడం - ఈ రెండు గుణాలనూ గుర్తుపెట్టుకోండి. కథ చివర మళ్లీ వస్తాయి.

మొదటి పాఠం: ఇచ్చిపుచ్చుకోవడం

బాక్టీరియాకు ఆడా మగా లేవు. ఒకటి రెండుగా చీలడమే. కాబట్టి తల్లికణంలో ఉన్న జన్యువులే పిల్లకణాల్లో ఉంటాయి, ఒక కణం జన్యువులు మరో కణానికి చేరే వీలే లేదని చాలామంది అనుకునేవారు. 1946లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ దాన్ని పరీక్షించారు. లెడర్‌బర్గ్ వయసు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు.

వాళ్లు లోపాలున్న రెండు రకాల ఇ. కోలైని తీసుకున్నారు. మొదటిదానికి కొన్ని పోషకాలు సొంతంగా తయారుచేసుకోవడం రాదు. రెండోదానికి అవి వచ్చు కానీ, మరికొన్ని రావు. వట్టి చక్కెర, లవణాలు ఉన్న పళ్లెంలో వేస్తే ఏ రకమూ పెరగలేదు. రెండింటినీ కలిపి వేశారు. కోటికి ఒకటి చొప్పున కొన్ని కణాలు పెరిగి కంటికి కనిపించే చుక్కలయ్యాయి. వాటికి అన్ని పోషకాలూ తయారుచేసుకోవడం వచ్చింది! ఒకదానిలో లేని జన్యువులు రెండోదానినుంచి వచ్చి చేరాయన్న మాట. రెండు కణాలు ఒకదాన్నొకటి తాకి, జన్యువుల దారాన్ని ఒకటి రెండోదానికి అందిస్తుందని తరవాతి పరిశోధనల్లో తేలింది. పక్కవాడి పుస్తకంలోంచి ఒక పేజీ తీసుకొని మన పుస్తకంలో అంటించుకోవడంలాంటిది ఇది. లెడర్‌బర్గ్, టేటమ్ 1958లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

రెండో పాఠం: పొదుపు

పారిస్‌లో జాక్ మోనో అనే శాస్త్రజ్ఞుడు ఇ. కోలైకి రెండు రకాల చక్కెరలు కలిపి పెట్టాడు. ఒకటి గ్లూకోజు, రెండోది పాలలో ఉండే లాక్టోజు. బాక్టీరియా ముందు గ్లూకోజును తినేసింది. తరవాత కాసేపు పెరుగుదల ఆగిపోయింది. ఆ తరవాత లాక్టోజు తింటూ మళ్లీ పెరగసాగింది. మధ్యలో ఆ విరామం ఎందుకు?

లాక్టోజును విరగగొట్టడానికి ఒక ప్రత్యేకమైన ఎంజైము కావాలి. లాక్టోజు లేనప్పుడు దాన్ని తయారుచేయడం దండగ. అందుకని ఆ జన్యువు మొదట్లో ఒక ప్రోటీను తాళంకప్పలా కూర్చుని ఉంటుంది. లాక్టోజు వచ్చినప్పుడు దాని ఛాయ ఒకటి ఆ తాళానికి తగులుకుంటుంది. తాళం ఊడిపోతుంది. కణం ఎంజైమును వెయ్యి రెట్లు ఎక్కువగా తయారుచేస్తుంది. లాక్టోజు అయిపోగానే తాళం మళ్లీ పడుతుంది. అయితే గ్లూకోజు అందుబాటులో ఉన్నంతసేపు ఈ తయారీ జోరందుకోదు. చేతిలో అన్నం ముద్ద ఉండగా కొత్తగా పొయ్యి ఎవరు వెలిగిస్తారు? 1961లో ఫ్రాన్సువా జాకబ్, మోనో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

పేగులోని పురుగు ఏ చక్కెర తింటే మనకేమిటి అంటారా? మీ కంటిలోని కణానికీ కాలేయంలోని కణానికీ ఉన్న జన్యువులు ఒకటే. అయినా కన్ను కన్నుగా, కాలేయం కాలేయంగా ఎలా ఉన్నాయి? ఒక్కొక్క చోట కొన్ని తాళాలే తెరుచుకుంటాయి కాబట్టి. మన తాళాలు ఇంతకన్నా చాలా చిక్కువే. కానీ జన్యువులకు తాళాలుంటాయన్న మొదటి ఆధారం ఇ. కోలై దగ్గరే దొరికింది.

మూడో పాఠం: ఒకటే లిపి

నాలుగు అక్షరాల డి.ఎన్.ఏ. భాషలో రాసి ఉన్నదాన్ని కణం ప్రోటీనుగా ఎలా మారుస్తుంది? ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలు ఇరవై రకాలు. ఏ అక్షరాలకు ఏ అమైనో ఆమ్లం?

1961లో అమెరికాలో మార్షల్ నీరెన్‌బర్గ్, హైన్‌రిష్ మథాయ్ ఇ. కోలై కణాలను నూరి, రసం తీశారు. ఆ రసంలో ప్రోటీన్లు తయారుచేసే సరంజామా అంతా ఉంటుంది. డి.ఎన్.ఏ. నుంచి వార్తలు మోసుకువచ్చే ఆర్.ఎన్.ఏ.ను వాళ్లు కృత్రిమంగా ఇచ్చారు. అందులో యూ, యూ, యూ అని ఒకే అక్షరం వరసగా ఉంది. అప్పుడు తయారైన ప్రోటీనులో ఫినైల్ అలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లం ఉంది. మూడేసి అక్షరాలు ఒక మాట అవుతాయని వేరే ప్రయోగాల్లో తేలింది. అలా ఆ నిఘంటువులో మొదటి మాటకు అర్థం దొరికింది. యూ-యూ-యూ అంటే ఫినైల్ అలనిన్.

మిగతా మాటలకు అర్థం చెప్పినవాళ్లలో మన దేశంలో పుట్టి పెరిగిన హరగోవింద ఖొరానా ముఖ్యుడు. అవిభక్త పంజాబులో రాయపూర్ అనే పల్లెటూళ్లో 1922లో పుట్టాడాయన. తండ్రి గ్రామ పట్వారీ. ఖొరానా కోరిన వరసలో అక్షరాలున్న ఆర్.ఎన్.ఏ.లను తయారుచేసి ఇ. కోలై రసానికి అందించాడు. 1966కల్లా మొత్తం 64 మాటలూ తెలిసిపోయాయి. 1968లో ఖొరానా, నీరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీ నోబెల్ బహుమతి పంచుకున్నారు. 1976లో ఖొరానా బృందం ఇంకో అడుగు వేసింది. రసాయనాలతో పూర్తిగా చేతితో కట్టిన ఒక జన్యువును బతికున్న ఇ. కోలైలో ప్రవేశపెడితే, అది నిజం జన్యువులాగే పనిచేసింది.

ఈ నిఘంటువులోని గొప్ప సంగతి ఏమిటంటే, ఎక్కడో కొన్ని చిన్న తేడాలు తప్ప, అది బాక్టీరియాకూ వేపచెట్టుకూ ఏనుగుకూ మనిషికీ ఒక్కటే. అంటే మనిషి జన్యువును ఇ. కోలైకి ఇస్తే అది చదవగలదు! 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బాయర్ కత్తిరించి అతికించిన జన్యువులను ఇ. కోలైలో పెట్టి పెంచే పద్ధతి చూపించారు. 1978లో మనిషి ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువులను రసాయనాలతో తయారుచేసి ఇ. కోలైలో పెట్టారు. 1982లో అమెరికాలో ఆ ఇన్సులిన్‌ను మందుగా అనుమతించారు. అంతకుముందు ఇన్సులిన్ కోసం పశువుల, పందుల క్లోమాలను టన్నులకొద్దీ పోగుచేయవలసి వచ్చేది. ఇప్పుడు పెద్దపెద్ద తొట్లలో ఇ. కోలై, ఈస్టు కణాలే మనిషి ఇన్సులిన్‌ను తయారుచేస్తున్నాయి.

నాలుగో పాఠం: మార్పు

1988 ఫిబ్రవరిలో రిచర్డ్ లెన్‌స్కీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పన్నెండు గాజుకుప్పెల్లో ఒకే రకం ఇ. కోలైని పెంచడం మొదలుపెట్టాడు. ప్రతిరోజూ ప్రతి కుప్పెలోనుంచీ నూరో వంతు ద్రవాన్ని తీసి కొత్త ఆహారంలో వెయ్యడం - అంతే ప్రయోగం. కొన్ని వందల తరాలకొకసారి కొంత నమూనాను గడ్డకట్టించి దాస్తారు. కాబట్టి కావలసినప్పుడు తాతముత్తాతలను లేపి మనవలతో పోల్చవచ్చు! ఇప్పటికి 75 వేల తరాలు దాటాయి. మనుషుల తరాల్లో లెక్కవేస్తే పద్దెనిమిది లక్షల ఏళ్ల పైమాట. అన్ని కుప్పెల్లోనూ కణాలు పూర్వీకులకన్నా వేగంగా పెరగడం నేర్చాయి. ఒక కుప్పెలో మాత్రం 31 వేల తరాల తరవాత కొత్త విద్య పుట్టింది. ఆహారంలో సిట్రేటు అనే పదార్థం కూడా ఉండేది. ప్రాణవాయువు ఉన్న చోట మామూలు ఇ. కోలై దాన్ని తినలేదు. ఆ కుప్పెలోవి తినడం మొదలుపెట్టాయి. జన్యువుల్లో దానంతట అది వచ్చే చిన్న మార్పును పరిస్థితులు ఎన్నుకొంటే, అది ఎంత దూరం పోగలదో కళ్లెదుటే కనిపించింది.

పంతులుగారి చెడ్డ బంధువులు

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. వేగంగా పెరగడం, జన్యువులు ఇచ్చిపుచ్చుకోవడం, మారడం - ప్రయోగశాలలో పాఠాలుగా పనికివచ్చిన ఈ గుణాలే బయట ప్రమాదంగా మారతాయి.

కలకత్తాలో శంభునాథ్ దే అనే శాస్త్రజ్ఞుడు కలరా క్రిమి గుట్టు కనిపెట్టాడు. ఆ క్రిమి విడుదల చేసే విషమే పేగులోకి నీరు ఊరేలా చేస్తుందని 1959లో ఆయన చూపించాడు. అంతకు మూడేళ్ల ముందే, 1956లో, కుందేలు పేగులో అదే తీరు ప్రయోగం చేసి, కొన్ని రకాల ఇ. కోలై కూడా అలాగే నీరు ఊరిస్తుందని తోటివారితో కలిసి ప్రకటించాడు. కలరా విషానికి చాలా దగ్గరగా ఉండే విషం తయారుచేసే ఇ. కోలై రకాలున్నాయని తరవాత స్పష్టంగా తెలిసింది. ఆ విషపు జన్యువులు ఒక కణంనుంచి మరో కణానికి వెళ్లగల చిన్న డి.ఎన్.ఏ. ఉంగరాల మీద ఉంటాయి. చూశారా, మొదటి పాఠం ఎక్కడికి దారితీసిందో!

1982లో అమెరికాలో సరిగా ఉడకని మాంసం తిన్న కొందరికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. కారణం ఓ-157 అనే ఇ. కోలై రకం. దాని జన్యు పుస్తకాన్ని 2001లో చదివి, ప్రయోగశాల రకంతో పోల్చారు. ప్రయోగశాల రకంలో లేని జన్యువులు ఇందులో వెయ్యికి పైగా ఉన్నాయి. దాని ముఖ్యమైన విషానికి కావలసిన జన్యువును బాక్టీరియాలో చేరే ఒక వైరసు తెచ్చిపెట్టింది.

2011లో జర్మనీలో ఇంకో రకం విరుచుకుపడింది. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. యాభై మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయలను అనుమానించారు. అది తప్పని తేలింది. చివరికి ఈజిప్టునుంచి వచ్చిన మెంతుల మొలకలవైపు ఆధారాలు చూపాయి. మొలకలు కట్టే తడీ వెచ్చదనమూ ఇ. కోలైకి కూడా ఎంతో అనుకూలం కదా. ఇరవై నిమిషాల లెక్క గుర్తుందా?

నీళ్ల కుండకు పరీక్ష

మీ ఊరి చెరువు నీళ్లో బావి నీళ్లో తాగడానికి పనికివస్తాయా అని తెలుసుకోవాలంటే ఏం చెయ్యాలి? టైఫాయిడు, కలరా, కామెర్లు - అన్ని రోగక్రిములనూ ఒక్కొక్కటిగా వెతకడం కష్టం. అందుకని ఇ. కోలై కోసం వెతుకుతారు. అది మనుషుల, పశువుల పేగుల్లో ఉంటుంది. కాబట్టి నీళ్లలో కనిపించిందంటే వాటిలో మలం కలిసినట్టే లెక్క. మలం కలిసిన నీళ్లలో రోగక్రిములు కూడా ఉండవచ్చు. పొగ కనిపిస్తే నిప్పు ఉందనుకుంటాం కదా, అలాగన్న మాట.

ఈ పరీక్షకు ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ మకాంకీ తయారుచేసిన ఆహారాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. అందులో పైత్యరస లవణాలు, లాక్టోజు, ఒక రంగు కలుస్తాయి. పైత్యరసాన్ని తట్టుకోలేని చాలా బాక్టీరియా అందులో పెరగవు. పేగు బాక్టీరియా పెరుగుతాయి. లాక్టోజును తినే ఇ. కోలై, దాని చుట్టాలు ఆమ్లాన్ని విడుదలచేసి గులాబిరంగు చుక్కలుగా కనిపిస్తాయి. వాటిలో ఇ. కోలై ఏదో ఇంకో పరీక్షతో తేల్చుకుంటారు. తాగేనీరు నూరు మిల్లీలీటర్లలో ఒక్క ఇ. కోలై కూడా ఉండకూడదని మన దేశపు ప్రమాణం.

మందును జయించే విద్య

ఒక జబ్బుకు సూక్ష్మజీవుల్ని చంపే మందు, అంటే యాంటిబయాటిక్, వాడామనుకోండి. కోట్లకొద్దీ ఉన్న బాక్టీరియాలో ఆ మందును తట్టుకునే మార్పు ఏ ఒక్కదానిలోనో ముందే ఉండవచ్చు. మిగతావి చస్తాయి, అది మిగులుతుంది. ఇరవై నిమిషాల లెక్కన పెరుగుతుంది. ఇదొక ప్రమాదం. రెండోది ఇంకా పెద్దది. 1950 తరవాత జపాన్‌లో రక్తగ్రహణి, అంటే జిగట విరేచనాలు, కలిగించే షిగెల్లా అనే బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోసాగింది. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క మార్పు చొప్పున నాలుగూ ఒకేసారి రావడం నమ్మశక్యంగా లేదు. 1959లో అక్కడి శాస్త్రజ్ఞులు అసలు సంగతి కనిపెట్టారు. ఇ. కోలై, షిగెల్లా పక్కపక్కన ఉన్నప్పుడు మందును తట్టుకునే జన్యువులను గుత్తంగా ఒకదానికొకటి ఇచ్చుకుంటున్నాయి!

కాబట్టి జలుబు చేసిందని, వైద్యుడు చెప్పకుండా దుకాణంలో యాంటిబయాటిక్ కొని మింగితే ఏమవుతుంది? వైరసువల్ల వచ్చిన జలుబుకు అది పనిచెయ్యదు. ఏ పాపమూ ఎరగని మీ పేగులోని బాక్టీరియా మాత్రం చస్తుంది. మందుకు లొంగనిది మిగులుతుంది. రేపు నిజమైన రోగక్రిమి పేగులోకి వచ్చినప్పుడు, ఆ విద్యను దానికి నేర్పిపెట్టడానికి సిద్ధంగా ఉంటుంది.

మన చేతిలో ఉన్నది

విరేచనాలు పట్టుకున్న పసిపిల్లవాడిని చాలాసార్లు చంపేది బాక్టీరియా కాదు, ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడం. 1971లో బంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. నరాల్లోకి ఎక్కించే సెలైను అయిపోవచ్చింది. దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు గ్లూకోజూ ఉప్పూ కలిపిన నీళ్లు తాగించమన్నాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగుకన్నా తక్కువకు తగ్గాయి. పేగు గోడ జబ్బులో ఉన్నా, గ్లూకోజుతో కలిసి ఉప్పును లోపలికి పీల్చుకోగలదు. ఉప్పు వెంట నీరు వస్తుంది. ఇదే ఓ.ఆర్.ఎస్. పొట్లంలోని రహస్యం. పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. గుక్కెడు గుక్కెడుగా తాగిస్తూ బిడ్డను ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

దొడ్డికి వెళ్లివచ్చాకా, అన్నం తినేముందూ సబ్బుతో చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచి తాగడం, మలం నీళ్లలో కలవకుండా మరుగుదొడ్లు వాడడం - ఇవన్నీ మీకు తెలిసిన మాటలే. ఎందుకో ఇప్పుడు తెలిసింది. పేగులో ఉండవలసినది పేగులో ఉన్నంతకాలం పంతులే. చెడ్డ బంధువులను తీసుకొని నీళ్ల కుండలోకి దిగితేనే ముప్పు.

ఆలోచించి చెప్పండి

1. ఉదయం ఆరు గంటలకు మొలకల గిన్నెలో ఒక్క ఇ. కోలై చేరింది. ఇరవై నిమిషాలకొకసారి చీలితే, మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎన్ని అవుతాయి?

2. వైద్యుడు అయిదు రోజులు వాడమన్న యాంటిబయాటిక్‌ను ఒకరు ఆయన్ను అడగకుండానే రెండో రోజు మానేశారు. మిగిలిన మాత్రలను ఇంకొకరికి ఇచ్చారు. ఈ రెండు పనుల్లోనూ తప్పేమిటి?

3. నీళ్లలో ఇ. కోలై లేదని తేలింది. ఆ నీళ్లలో ఫ్లోరైడు గాని పురుగుమందు గాని లేవని దాంతో చెప్పగలమా?